ముందుగా పంపని ఉత్తరం

మా మేనమామ పోయిన గురువారం పొద్దున మార్కాపురంలో కన్నుమూశారు. ప్యాసింజరు బండి దిగిన ఒక షావుకారు నేరుగా గిద్దలూరులో నేను పాఠం చెప్పే బడికే వచ్చి, "అమ్మా, మీ ప్లీడరు మామ పోయినాడంట" అన్నాడు. పిల్లల్ని ఇళ్ళకు పంపేసి స్టేషనుకు నడిచాను. దారిలో ఏడుపు రాలేదు. ఆయన బతుకు మీద ఆశ వదులుకుని చాలాకాలమైందని నాకు తెలుసు.

పెళ్ళైన రెండో ఏడే నా భర్త పోతే, మామ నన్ను తన ఇంటికి తెచ్చుకున్నారు. "చేతిలో పనుంటే నిన్ను ఎవురూ మూల కూర్చోబెట్టల్యారు పాపా" అని, బంధువులంతా కాదన్నా నాకు చదువు చెప్పించారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

మార్కాపురం ప్లీడర్లందరూ భూమి తగాదాలు చూసుకుంటుంటే, మామ వర్తకుల సరుకు మీద ఉండే మార్కుల పని పట్టుకున్నారు. ఒక వర్తకుడి రాతి పలకలకు మంచి పేరు వస్తే, పక్క దుకాణంవాడు అదే బొమ్మ చీటీ అచ్చేసి తన పలకలకు అంటించేవాడు. ఆ వర్తకుడి తరఫున మామ మార్కును రిజిస్టరు చేయించి, కోర్టులో వాదించేవారు. రెండు చీటీలనూ కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టి నన్ను పిలిచేవారు. "చూడు, చిలక ముక్కు అటుంటే ఇటు తిప్పినాడు. దొంగతనానికి గూడా ఓపిక ల్యా వీనికి!" అని నవ్వేవారు. ఆ రోజుల్లో ఆయన బాగా నవ్వేవారు.

ఒకనాడు రాచర్ల నుంచి ఒక వడ్రంగి మేస్త్రీ గోనెపట్టాలో ఏదో చుట్టుకుని వచ్చాడు. పలకకు చెక్క చట్రం బిగించేటప్పుడు ఒక మూల సుత్తితో కొడితే ఇంకో మూల రాయి చిట్లేది. మేస్త్రీ చేసిన పనిముట్టుకు ఒకటే పిడి. అది తిప్పితే నాలుగు మూలలూ ఒకేసారి దగ్గరికొచ్చి, రాయికి దెబ్బ తగలకుండా చట్రం బిగుసుకునేది. మామ ఆ పిడి ఎన్నిసార్లు తిప్పి చూశారో! "ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు ఎవురికీ తట్టల్యా!" అన్నారు. దానికి పేటెంటు తీసుకుంటే మేస్త్రీ ఒప్పుకోనిదే ఇంకెవరూ అట్లాంటిది చేయకూడదని విడమర్చి చెప్పారు. కలకత్తాలోని పేటెంటు ఆఫీసుకు దరఖాస్తు రాస్తానని మాటిచ్చారు.

దరఖాస్తుతో పంపాల్సిన పనిముట్టు బొమ్మలు గీసే పని నాకు అప్పగించారు. "ముగ్గేసే చెయ్యి చాలదు పాపా, కొలిచే చెయ్యి కావాల" అని స్కేలు చేతికిచ్చారు. పది రోజుల్లో మూడు కాగితాలు పూర్తిచేశాను. దరఖాస్తు కూడా సిద్ధమైంది. కానీ మామ దాన్ని పంపలేదు. "ఇంగొక్కసారి చూస్తా. ఒక్క మాట వదులైతే అందులోనుంచే దూరి వస్తారు" అంటూ ఆ ఇంగ్లీషు తిరగరాస్తూనే ఉన్నారు.

అంతలో కర్నూలులో చేతిపనుల ఎగ్జిబిషన్ పెట్టారు. "తీసకపొమ్మంటావా సామీ?" అని మేస్త్రీ అడిగాడు. "తీసకపో, నలుగురూ చూడనీ" అన్నారు మామ. మేస్త్రీ సంబరంగా వెళ్ళి, అంతకంటే సంబరంగా తిరిగొచ్చాడు. దరఖాస్తు ఆ తర్వాత పోస్టయింది.

ఒక పెద్ద పలకల వ్యాపారి అభ్యంతరం పెట్టాడు. ఆ వస్తువును దరఖాస్తుకు ముందే ఎగ్జిబిషన్లో అందరూ చూశారని, అది కొత్తది కాదని అతని వాదన. విచారణకు మామ కలకత్తా దాకా వెళ్ళి ఓడిపోయి వచ్చారు. కాళ్ళు కూడా కడుక్కోకుండా చట్టం పుస్తకం తెమ్మని, ఒక పేజీ తీసి నా ముందు పెట్టారు. సర్కారు ఒప్పుకున్న ఎగ్జిబిషన్లో వస్తువు పెట్టే ముందు పేటెంటు ఆఫీసుకు ఒక నోటీసు పంపితే చాలు, చూపించినా హక్కు పోదని అందులో ఉంది. ఆ వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. ఏనాడో చదివినప్పుడు ఆయనే గీసుకున్న గీత.

"తెలిసిందే పాపా. తెలిసి గూడా మరిచినా."

మర్నాడు రాచర్లకు నన్ను కూడా వెంటబెట్టుకుపోయారు. మేస్త్రీ ఇంటి ముందు నిలబడే చెప్పారు: "తప్పు నాదే. ఒక్క ఉత్తరం రాసి ఉంటే సరిపోయేది. రాయల్యా."

"అంటే అది ఇంగ నాది కాదా సామీ?"

"అందరిదీ."

"అందరిదంటే నాది గూడా కదా" అని మేస్త్రీ నవ్వబోయాడు. గడపలో నిలబడ్డ అతని భార్య మాత్రం నవ్వలేదు.

ఏడాది తిరగకుండా ఆ వ్యాపారి షెడ్డులో అవే పనిముట్లు వరసగా వెలిశాయి. చేతి సుత్తితో చట్రాలు బిగించేవాళ్ళకు పని పోయింది. మేస్త్రీ కూడా ఆ షెడ్డులోనే కూలికి కుదిరాడు. మొదటి రోజే అక్కడి పెత్తందారు అతనికి పిడి ఎట్లా తిప్పాలో నేర్పబోయాడట. నెల తర్వాత గుంతకల్లు వైపు పని వెతుక్కుంటానని రైలెక్కినవాడు మళ్ళీ రాలేదు. ఉత్తరం కూడా లేదు.

అప్పటి నుంచి మామ పేటెంటు పని ముట్టలేదు. ఎవరు ఏ పని మీద వచ్చినా, "ఎవురికన్నా చూపించినావా?" అనేదే ఆయన మొదటి మాట. ప్రతి శనివారం రాచర్ల వెళ్ళి మేస్త్రీ ఇంటి ముందు నిలబడేవారు. "కబురేమన్నా వచ్చిందా అమ్మా?" "ల్యా సామీ." ఆ రెండు మాటలకోసం ఎండలో అంత దూరం పోయేవారు. ఎంతమంది మార్కులు నిలబెట్టారో ఒకసారి గుర్తుచేయబోయాను. "అవి కాగితాలు పాపా. ఒక్క మనిషి నన్ను నమ్ముకొని వచ్చినాడు. వాణ్ణి నేనే పోగొట్టినా" అన్నారు. చివరి జ్వరంలో, చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్న డాక్టరును కూడా ఆయన అదే అడిగారు, ఎవరికన్నా చూపించావా అని.

పాడె లేచే వేళకు మేస్త్రీ భార్య వచ్చింది. లోపలికి రాలేదు. వీధికి అవతల ఎండలో నిలబడింది. నేనే దగ్గరికి వెళ్ళాను.

"పొయినాడా అక్కా?"

"పోయినాడమ్మా."

"ఇంగ మా ఆయన వచ్చినాడా అని అడిగేవాళ్ళు ఎవురూ ల్యారు" అంది.

జనమంతా పాడె వెంట ఒకవైపు కదిలారు. ఆమె రెండోవైపు తిరిగింది. ఆ వీధి పొడుగునా విరిగిన పలకల పెంకులు పరుచుకుని ఉంటాయి. చెప్పుల్లేనివాళ్ళు అంచులు చూసుకుంటూ నడుస్తారు. ఆమె కిందికి చూడకుండా, ఒట్టి కాళ్ళతో, వాటి మీదే నడిచి వెళ్ళిపోయింది.