ఒక్క ప్రాణంతో ఆడే ఆట

డిగ్రీ చదివే రోజుల్లో గుంటూరులో మా వీధి చివరి నెట్ సెంటర్‌కి వెళ్ళి నేనొక ఆన్‌లైన్ ఆట ఆడేదాన్ని. అందులో మన మనిషి చచ్చిపోతే ఇక అంతే. సంపాదించిందంతా పోతుంది, కొత్త పేరుతో మొదటినుంచి మొదలుపెట్టాలి. నా యోధురాలిని నాలుగు నెలలు బతికించుకున్నాను. ఆ సెంటర్‌లో అంతకాలం ఇంకెవరూ నిలవలేదు.

పత్తికి మందులు కొనడానికి ప్రత్తిపాడు నుంచి వచ్చిన మా మేనమామ ఒకసారి నా పక్కన కూర్చుని, తానూ ఆడతానన్నాడు.

"మావయ్యా, మొదట్లో కత్తి జోలికి పోకు. కోటలో ఉంటే మనల్ని ఎవరూ చంపలేరు, అక్కడికి తిరిగొచ్చే దారులు నేర్చుకో. సాయం చేస్తామని ఎవరైనా అడవిలోకి రమ్మంటే వెళ్ళొద్దు" అన్నాను.

"పారిపోవటం నేర్చుకోవటానికా ఆట ఆడేది?" అంటూ ఆయన నేరుగా తోడేళ్ళ మీదికి వెళ్ళాడు. ఐదు నిమిషాల్లో తెర నల్లబడింది.

"మళ్ళీ లేవడా వీడు?"

"లేవడు."

ఆయన ముఖం నిజంగానే వాడిపోయింది. రెండో మనిషితో మాత్రం వారం వారం వచ్చి, ఓపిగ్గా ప్రతి దారీ తిరిగి చూశాడు. నెల తర్వాత మేమిద్దరం కోట దాటగానే, ఎక్కడివాళ్ళో ఆడుతున్న ఐదుగురు దొంగలు ఎదురయ్యారు. నాలుగు నెలల గర్వంతో నేను కత్తి దూశాను.

"ఒసేయ్, ఆ వాగు పక్కన సందుంది, పదవే!" అని మావయ్య పెట్టిన కేకకి సెంటరంతా మావైపు తిరిగింది.

నాకు తెలియని దారి అది. ఆయన వెనకే పరుగెత్తాను. ఇద్దరం ప్రాణాలతో కోటలో పడ్డాం. మావయ్య అంత సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు.