పళ్ళు చూసి కొన్న జట్టు

మా అత్త ఆటగాళ్ళను పళ్ళు చూసి కొనేది. నిజంగా నోరు తెరిపించి కాదు లెండి. నా ల్యాప్‌టాప్‌లో ఫుట్‌బాల్ మేనేజరు ఆట ఒకటి ఉండేది. అందులో ఆటగాడి ఫోటో, దాని పక్కన వయసు, ఎత్తు, పరుగు, బంతి మీద పట్టు అంటూ బోలెడన్ని అంకెలు కనిపిస్తాయి. అన్నిటిలో ఆమెకు కావలసింది ఒక్కటే. "ఎన్ని పళ్ళు ఏసినాడు?" అనేది. ఇరవై లోపు వాళ్ళు ఇంకా పాలపళ్ళు. ఇరవై దాటితే రెండు పళ్ళు, ఆ పైన నాలుగు, ఆరు. ముప్పై దాటినవాణ్ణి చూపిస్తే, "వీనికి నోరు నిండిపోయినాది, ఎవురికన్నా అంటగట్టు" అని మొహం తిప్పుకునేది. గొర్రెల సంతలో జీవాల పళ్ళు లెక్కపెట్టి వయసు కట్టడం, ఆమె జీవితమంతా చేసిన పని అదే మరి.

ఆమె నాకు మేనత్త, మా నాయన అక్క. పెళ్ళయ్యాక అత్త కూడా అయింది. అందుకే మా మధ్య అత్తాకోడళ్ళ మర్యాదలు తక్కువ, మాటకు మాట ఎక్కువ. మాది కొమరోలు దగ్గర చిన్న ఊరు. మామ, అత్త మందతోనే బతికారు. మా ఆయన గిద్దలూరు నుంచి ఒంగోలుకు బస్సు నడుపుతాడు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. నేను ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి కంప్యూటరు పని చేసేదాన్ని. ఆ ఆట మార్కాపురంలో ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టల్లో అంటుకుంది. చదువు వదిలింది కానీ ఆట వదల్లేదు.

ఆ ఏడాది గొర్రెలు ఈనడం మొదలైన వారంలోనే అత్త దొడ్డి ముందు తడిబండ మీద జారిపడింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. గిద్దలూరులో డాక్టరు మోకాలి దాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు ఆ కాలు నేలకు ఆనించొద్దన్నాడు. "ఆనిస్తే ఎముక వంకరగా అతుకుతాదమ్మా. ఇంక మంద ఎనకాల నడిచేది మర్చిపోవాల్సిందే" అని గట్టిగా చెప్పాడు. అత్త మొహం పాలిపోయింది. మంద వెనకాల నడవకుండా ఆమెను ఊహించుకోవడం నా వల్ల కూడా కాలేదు. కానీ ఆటోలో ఇంటికి వచ్చేసరికి ఆ భయం పోయి ఇంకో బెంగ పట్టుకుంది. ఈనే గొర్రెలను మామ ఒక్కడే ఎట్లా చూసుకుంటాడని.

"మీ మామకు గొర్రెకు నొప్పులొచ్చినాయో, కడుపుబ్బరమో ఇంతవరకు తెలీదు" అనేది. మామ అక్కడే నిలబడి ఉన్నా సరే అనేది. ఆయన నవ్వుకుంటూ పోయేవాడు.

కాపలా నాకు పడింది. మా ఆయన డ్యూటీకి పోతూ, "అమ్మ లేచి నడిచిందంటే నీదే పూచీ" అని చెప్పి పోయాడు. మొదటి వారంలోనే రెండుసార్లు పట్టుకున్నాను. ఒకసారి గడప దగ్గర, ఒకసారి వాకిట్లో, గోడ పట్టుకుని ఒంటికాలి మీద. నేను అరిచాను. ఆమె నాకంటే గట్టిగా అరిచింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది మా నాయన వైపు నుంచి వచ్చిందే, కాబట్టి ఆమెకూ ఉంది.

ఇక లాభం లేదని ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పని అయ్యాక మధ్యాహ్నాలు అక్కడే ఆడుకునేదాన్ని. "పెండ్లయినదానివి, ఈ బంతాట ఏందే?" అని మొదట ఈసడించింది. నేను ముప్పై రెండేళ్ళ వాణ్ణి కొనబోతుంటే మాత్రం ఉండబట్టలేకపోయింది.

"వానికి ఎంత వయసు?"

చెప్పాను.

"బుద్ధుందా నీకు? ముసలిదాన్ని తోలుకొచ్చి ఏం చేస్తావు?"

ఆ రోజు నుంచి జట్టు ఇద్దరిదీ అయింది. అది ఇంగ్లండులో మూడో మెట్టు లీగులో ఒక చిన్న క్లబ్బు. ఈ ఏడు పై లీగుకు ఎక్కించకపోతే మేనేజరు ఉద్యోగం ఊడుతుందని యాజమాన్యం ముందే చెప్పేసింది. అత్తకు ఆ సంగతి చెబితే, "ఎక్కిస్తాంలే" అంది, ఏదో కొండ మీదికి మందను ఎక్కించినంత తేలిగ్గా.

ఆమె పద్ధతులు ఆమెవి. కొత్తగా కొన్నవాణ్ణి వెంటనే జట్టులో కలపనిచ్చేది కాదు. కొత్త జీవాన్ని పదిహేను రోజులు విడిగా కట్టేసి, రోగం లేదని చూసి గానీ మందలో కలపకూడదట. "వీళ్ళకు గాలికుంటు రాదత్తా" అంటే వినదు. అట్లా ఒక మంచి డిఫెండరు రెండు మ్యాచులు ఊరికే కూర్చున్నాడు. గడ్డం ఉందని వాడికి మేకపోతు అని పేరు పెట్టింది. పొడుగాటి గోల్‌కీపరు ఒంటె. ఆ ఇంగ్లీషు పేర్లు ఆమె నోటికి రావు, రానవసరం కూడా లేదు. కొన్నాళ్ళకు నేను కూడా ఒంటె, పోతు అనే పిలవసాగాను. సాయంత్రం మంద తోలుకొచ్చిన మామ కాళ్ళు కడుక్కుంటూ, "ఈపొద్దు గెలిచినామా?" అని అడిగేవాడు.

ఎర్రజుట్టు వాణ్ణి కొనేటప్పుడు మాత్రం పెద్ద గొడవే అయింది. పంతొమ్మిదేళ్ళవాడు, గోల్స్ కొట్టే వరసలో ఆడతాడు. "వీని అమ్మ ఎవురు, నాయన ఎవురు?" అని అడిగింది. అవన్నీ ఇందులో రాయరు అన్నాను. "తల్లిని చూడకుండా పిల్లను కొంటారా ఎవురన్నా?" అని ఆ ఆట తయారుచేసినవాళ్ళను తిట్టింది. చివరికి వాడిది కొండల మధ్య ఊరని నేను వెతికి చెబితే మెత్తబడింది. కొండ ప్రాంతంలో మేసినవాడికి కాళ్ళు గట్టిగా ఉంటాయని కొనమంది. ఎర్రటి జీవాన్ని పుల్లది అంటారు, అందుకని వాడికి పుల్లోడు అని పేరు పెట్టింది. నిజం చెప్పాలంటే ఆ ఏడు మమ్మల్ని మోసింది వాడే. వాడు గోల్ కొడితే అత్త మంచం పట్టె మీద చేత్తో కొట్టేది. ఆ చప్పుడుకు పక్కింటివాళ్ళు ఏమైందోనని తొంగిచూసేవాళ్ళు.

సీజన్ చివర్లో ఒక మ్యాచులో పుల్లోడు తొడ పట్టుకుని కూలబడ్డాడు. కండరం చిరిగిందట. పేరు పక్కన ఎర్రటి గుర్తు పడింది.

"ఎన్నాళ్ళంట?" అంది అత్త.

"ఆరు వారాలు."

"వానికీ ఆరేనా?" అని నా మొహం చూసింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి ఆమెకు దగ్గు వచ్చింది.

ఆ తర్వాత నాకు చెప్పడానికి మంచి పాఠం దొరికింది. అత్త కాస్త కదిలితే చాలు, "పుల్లోణ్ణి చూడు, బుద్ధిగా ఎట్లా కూర్చున్నాడో" అనేదాన్ని. డాక్టరు చెప్పిన మాట వినేవాడే మళ్ళీ ఆడతాడు అనేదాన్ని. ఎంత చక్కగా చెబుతున్నానో అని నాకు నేనే మురిసిపోయేదాన్ని. అత్త కూడా తల ఊపేది. దుప్పటి కప్పుకుని పడుకుని ఉండేది. దారిలోకి వచ్చిందనుకున్నాను.

చివరి మ్యాచు వచ్చింది. అత్త కాలికి అప్పటికి అయిదో వారం. గెలిస్తే పై లీగుకు ఎక్కుతాం. గెలవకపోతే నా ఉద్యోగం పోతుంది. పుల్లోడికి ఇంకా రెండు వారాలు కావాలి. అయితే తెర మీద ఒక మాట కనపడింది. నొప్పికి ఇంజెక్షన్ వేసి ఆడించవచ్చు, కానీ కాలు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం ఉంది. నేను ఆలోచించలేదు. చెయ్యి మౌసు మీదికి పోయింది.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరు ఏమన్నాడు?"

"రెండు వారాలు ఆగమన్నాడు. ఒక్క మ్యాచే కదత్తా."

"మరి రోజూ నాకు చెప్పింది ఏంది?"

"అది నిజం కాలు. ఇది ఆట."

"పాలపళ్ళు కూడా ఊడలేదు వానికి. ఇప్పుడు కాలు పోతే ముందు ముందు ఏం చేస్తాడు? కూర్చోనీ."

"నా ఉద్యోగం పోతుంది."

"పోనీ."

ఆ చెయ్యి వదల్లేదు. కట్టెలు కొట్టిన చెయ్యి, నేను విడిపించుకోలేకపోయాను. పుల్లోణ్ణి బయటే కూర్చోబెట్టి ఆడాం. మొదట వాళ్ళు ఒక గోల్ కొట్టారు. మేకపోతు తలతో ఒకటి కొట్టి సమం చేశాడు. ఆఖరి నిమిషాల్లో బంతి గోల్ పైకమ్మికి తగిలి బయటికి పోయింది. అంతే. సమంగానే ముగిసింది, పై లీగు పోయింది. ఇన్నాళ్ళ సేవలకు ధన్యవాదాలు అని యాజమాన్యం నుంచి ఉత్తరం వచ్చింది.

ల్యాప్‌టాప్ ధడేల్‌మని మూసేశాను. "నీ వల్లే. అంతా నీ వల్లే" అన్నాను. అంత పెద్దదాన్ని, ఏడుపు కూడా వచ్చింది.

అత్త తిరిగి అరవలేదు. దుప్పటి పక్కకు తీసింది. నీళ్ళు తగలకుండా అని చెప్పి కట్టుకు ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంచేది. దాని ముడి విప్పి లాగేసింది. మడమ కింద పిండికట్టు మెత్తబడి పగిలింది. నల్లటి మట్టి పట్టి ఉంది. ఆ మట్టిలో గొర్రె పెంటికలు అతుక్కుని ఉన్నాయి.

"పొద్దున్నే నువ్వు క్యాను తీసుకోని నీళ్ళ ప్లాంటుకు పోయినప్పుడంతా దొడ్డికాడికి పోయొస్తాండ" అంది. "మీ మామతో ఒట్టేయించుకున్నా, నీకు చెప్పొద్దని."

ఎవరి మీద కోపపడాలో నాకు తెలియలేదు.

"ఆ పిల్లోన్ని కూర్చోబెట్టి నేను తిరుగుతాంటే ఏం బాగుంటాదే?" అంది, నా వైపు చూడకుండా.

మర్నాడే గిద్దలూరు తీసుకుపోయాను. ఫోటో తీసి చూసి, ఎముక పక్కకు జరగలేదు, మీ అదృష్టం అన్నాడు డాక్టరు. కానీ అతుక్కోనూ లేదు. పాత కట్టు కోసేసి కొత్తది వేసి, మళ్ళీ మొదటి నుంచి ఆరు వారాలు అన్నాడు. నన్ను కూడా నాలుగు తిట్టాడు. పడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్త కొత్త తెల్లటి కట్టును నా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గర పడుతుండగా అడిగింది.

"ఉద్యోగం పోయినోళ్ళకు ఇంగో జట్టు ఇస్తారా?"

"ఇస్తారు. ఇంకా కింది లీగులో. మంచి ఆటగాళ్ళుండరు, పైకి రావాలంటే చానా రోజులు పడుతుంది."

"తీసుకో" అంది అత్త. "ఈ ఆరు వారాలు నేను యాడికీ పోను."