సగం విన్న పాట

తొంభైల చివర్లో, డిగ్రీ చదివే రోజుల్లో, నాకు రాక్ సంగీతం క్యాసెట్ల పిచ్చి. ధర్మవరంలో మా వీధి మగ్గాల చప్పుడులో ఆ డ్రమ్ములు వినాలంటే టేప్‌రికార్డరుకు చెవి ఆనించాల్సిందే. నాయన తాను నేసిన పట్టుచీరలు బెంగళూరులో ఒక అంగడికి ఇచ్చి వచ్చేవాడు. ఆ ఊళ్లోనే ఒక కాలేజీ మైదానంలో ఏడాదికోసారి ఒక బ్యాండు ఉచితంగా వాయించేది. ఆ రోజు చూసుకొని నేనూ ఆయన వెంట పోయేదాన్ని.

బ్యాండులో నలుగురు. చివర ఎప్పుడూ ఒకే పాట. పాడేది రెండు నిమిషాలే. ఆ తర్వాత ఒకరినొకరు చూసుకుంటూ, అప్పటికప్పుడు అల్లుకుంటూ అరగంట వాయించేవాళ్లు. కిందటేడు విన్నది ఈ ఏడు ఉండదు. ఇంత దూరం పోయినవాళ్లు మళ్లీ పల్లవికి ఎట్లా వస్తారో చూడాలని నాకు ఒకటే ఆత్రం. సరిగ్గా అప్పుడే నాయన నా భుజం తట్టేవాడు.

"లెయ్ పాపా, రైలు పోతాది."

కథ కంచికి పోకముందే మేం ఇంటిదారి పట్టేవాళ్లం. మూడేళ్లు ఇదే వరస. రైల్లో ముఖం మాడ్చుకొని కూర్చునేదాన్ని. హిందూపురం దాటాక నాయనే కదిలించేవాడు.

"ఆ పొడుగుజుట్టు గిటారు ఆయప్ప యాడికో పోయినాడే, మళ్లా ఎట్ల వచ్చింటాడంటావు?"

నేనొకటి చెబితే కాదనేవాడు. కిటికీ మీద వేళ్లతో వాయించి, "ఇట్ల వచ్చింటాడు" అనేవాడు. పెనుకొండ వచ్చేసరికి ఇద్దరికీ వాదన ముదిరేది. ఎదురు సీటు అవ్వ ఒకసారి, "ఏమప్పా, బిడ్డతో ఏం పంచాయితీ?" అని అడిగింది కూడా. ఇంట్లో నాయన నాతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

నాలుగో ఏడు నా భుజం మీద చెయ్యి పడలేదు. తిరిగి చూస్తే నాయన ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకొని, వేదిక వైపే గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"నాయనా, రైలు..."

"పోతే పోనీలే. ఈ తూరి చూసే పోదాం."

గిటారు ఎక్కడెక్కడో తిరిగి, మెల్లగా డ్రమ్ముల దారికొచ్చింది. నలుగురూ ఒక్కసారిగా పల్లవిలోకి దిగారు. మేం అనుకున్నవాటిలో ఒక్కటీ కాదు. నాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పొద్దున రైలెక్కాం. హిందూపురం దాటింది. పెనుకొండా దాటింది. నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మూడేళ్లు ఎదురుచూసింది దొరికినా, నాకెందుకో దిగులేసింది. ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఎట్లుండాది నాయనా, ముగింపు?"

"శానా బాగుండాది పాపా," అన్నాడు. "ఇంగ మనకు పని లేకుండా చేసినారు."