పావుని రెండు చేస్తే

ఉప్పు వేయని కందిపప్పు ఉడుకుతుంటే ఆవిరికి ఒక చప్పటి వాసన ఉంటుంది. విజయవాడలో మా ఆసుపత్రి వంటగదిలోకి అడుగుపెట్టగానే ఆ వాసన తగిలితే ఇప్పటికీ ముందు గిన్నె మూత తీసి రుచి చూస్తాను. మరియమ్మగారు గుర్తొస్తారు.

నేను పోషకాహార డిప్లొమా చేతబట్టుకుని చేరేనాటికి ఆవిడ అక్కడ పెద్ద వంటమనిషి. చదువు ఐదో తరగతి. ఉప్పు తగ్గించాల్సిన రోగులకు చిన్న గిన్నెల్లో విడిగా వండేవాళ్లం. ఎవరికెంత వేయాలో లెక్కగట్టి వేయడం నా పని.

చేరిన రెండో వారం. చల్లపల్లి నుంచి వచ్చిన ఒక గుండెజబ్బు రైతుకి మధ్యాహ్న భోజనం మొత్తానికి పావు చెంచా ఉప్పే అని డాక్టరు రాశారు. పప్పుకీ కూరకీ అందులోనే సర్దాలి. పావుని రెండుతో భాగించాలి. తొందరలో నేను కాగితం మీద 1/4 అని రాసి, కిందనున్న నాలుగుని రెండుతో భాగించాను. అర వచ్చింది. రెండు గిన్నెల్లోనూ అర చెంచా చొప్పున వేసేశాను. లెక్క చేశానన్న ధీమాలో అనుమానమే రాలేదు.

భోజనం పైకి వెళ్లాక మరియమ్మగారు గిన్నె అడుగున మిగిలిన పప్పు నాలుక మీద వేసుకున్నారు. ముఖం మారిపోయింది.

"ఉప్పెంతేశావమ్మాయ్?"

"అర చెంచా అండీ. పావుని రెండు చేస్తే..."

ఆవిడ పూర్తిగా వినలేదు. లిఫ్టు కోసం ఆగలేదు. మోకాళ్ల నొప్పుల మనిషి, మూడంతస్తుల మెట్లు ఎక్కేశారు. వెనకాలే నేను.

గదిలో ఆ రైతుకి భార్య ముద్దలు కలిపి పెడుతోంది. "పది రోజులకి ఇవాళ నోటికి రుచి తగిలిందమ్మా," అన్నాడాయన మమ్మల్ని చూసి. మరియమ్మగారు కంచం లాగేసుకున్నారు.

"తినే మనిషి ముందు నుంచి కంచం లాక్కుంటారా?" ఆ భార్య లేచి నిలబడింది.

"తప్పు మాదండీ. ఉప్పెక్కువైంది. ఎన్ని ముద్దలు తిన్నారో చెప్పండి, నర్సుగారికి చెప్పాలి."

"నాలుగు," అందావిడ.

సాయంత్రం దాకా నర్సు గంటగంటకీ ఆయన్ని చూసి వచ్చింది. వంటగదిలో ఫోను మోగినప్పుడల్లా నేనే పరుగెత్తి ఎత్తేదాన్ని. మరియమ్మగారు రాత్రి వంటకి కూరలు తరుగుతూ ఉన్నారు. ఐదున్నరకి, ఆయాసం ఏమీ రాలేదని కబురొచ్చింది. అప్పుడు ఆవిడ స్టీలు పళ్లెంలో పావు చెంచా ఉప్పు పోసి, చాకు అంచుతో మధ్యకి గీత గీశారు.

"ఇందులో ఒక భాగం చూడు. పావుకన్నా పెద్దదా, చిన్నదా?"

"చిన్నదండీ."

"పంచితే చిన్నదవ్వాలమ్మా. పెద్దదైందంటే కాగితం ఏం చెప్పినా నమ్మకు. పద, సూపరింటెండెంటుగారికి నువ్వే చెబుదువుగాని. నేను పక్కనుంటా."

చెప్పాను. నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. రుచి చూడకుండా పైకి పంపినందుకు ఆవిడకీ ఒకటి ఇచ్చారు. ఆవిడ సంతకం పెట్టి, వెళ్లి జావ కలపడం మొదలుపెట్టారు.

మరియమ్మగారు రిటైరై గన్నవరం వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఆ వంటగది ఇప్పుడు నా బాధ్యత. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ఆ రైతు సంగతి చెబుతాను, లెక్క తప్పింది నేనేనని కూడా. ఇన్నేళ్లయినా ఆ మాట చెప్పడం తేలిక కాలేదు. అయినా చెబుతాను. తప్పు చేసిన రోజు వాళ్లు దాక్కోకుండా నా దగ్గరికి పరిగెత్తుకు రావాలి కదా.