మచ్చకాయలు పైన పేర్చిన పేపరు

నాకు యాభై ఆరో ఏట అక్షరాలు వచ్చాయి. చైతన్యపురి మెట్రో స్టేషను కింద మా పండ్ల బండి ఉంటుంది. పొద్దున్నే బొప్పాయి ముక్కల కోసం వచ్చే హాస్టలు అమ్మాయి ఒకతె, సర్కారు ఉద్యోగం పరీక్షకు తను చదువుకుంటూ నన్ను కూడా చదివించింది. రెండు వానాకాలాలు పట్టింది. పొట్లాలు కట్టే పాత పేపర్లే నాకు వాచకాలు. మొదట పెద్ద అక్షరాల హెడ్డింగులు, తర్వాత సంతాప ప్రకటనలు. సంతాపాలు సులువు, అన్నిట్లోనూ అవే మాటలుంటాయి. ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయేనాటికి నేను మొదటి పేజీ తడుముకోకుండా చదువుతున్నాను.

బండి నా ఒక్కదానిదే కాదు, మా వదినది కూడా. వదిన అంటే చుట్టం కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టులో ఇద్దరం ఇరవై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని కాయలు ఏరాం. ఆమెది గుంటూరు వైపు, నాది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. ఎవరు పెద్దో తేలక ఒకరినొకరం వదినా అని పిలుచుకున్నాం. ఇప్పటికీ తేలలేదు. మార్కెట్టు ఊరి బయటికి పోయినప్పుడు అంత దూరం వెళ్ళలేక ఈ బండి పెట్టుకున్నాం. కోసేది ఆమె, అమ్మేది నేను.

వదినకు చదువు రాదు. కోచింగు పిల్లలంతా క్లాసులకు పోయాక కాసేపు తీరిక దొరుకుతుంది. పక్క టీ కొట్టు నుంచి పేపరు తెచ్చి నేను పైకి చదివేదాన్ని, ఆమె పుచ్చకాయ కోస్తూ వినేది. నచ్చిన వార్త వస్తే కత్తి ఆగేది. ఆ కత్తిని ఆపడం కోసమే నేను రాత్రి ఇంట్లో కూడా చదివి గొంతు సవరించుకునేదాన్నంటే నమ్మండి.

అంతలో ఢిల్లీ గద్దెకు ఎన్నికలు వచ్చాయి. దేశాన్ని ఏలే పెద్దాయన మళ్ళీ నిలబడ్డాడు. నాకు ఆయనంటే పడదు. ఆయన నోరు తెరిస్తే మనుషులు రెండు గంపలుగా విడిపోతారని నాకు అనిపిస్తుంది. మార్కెట్టులో మా పక్కన కాయలేరే ఒకామె రంజాన్ ఉపవాసంలో తాను గుక్కెడు తాగకుండా ఎండకు తట్టుకోలేని నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చేది. ఆయన ప్రసంగం విన్నప్పుడల్లా నాకు ఆమె ముఖం గుర్తుకొస్తుంది. వదిన మాత్రం ఆయనకు ఇంతకుముందూ వేసింది, ఈసారి కూడా వేస్తానంటుంది.

నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. ఆయన్ని మెచ్చుకున్న వార్తలను దాటేయడం మొదలుపెట్టాను. మొదట్లో కళ్ళు వాటంతటవే దాటాయి, తర్వాత నేనే దాటించాను. ఆయన్ని తిట్టిన వార్త ఉంటే మాత్రం నిదానంగా, ఒత్తి ఒత్తి, రెండుసార్లు చదివాను.

"ఈ ఫొటోలో చెయ్యూపుతున్నాడు కదా, ఏమంటున్నాడు వదినా?" అని ఆమె అడిగితే, "ఏమంటడు, ఎండలు ముదిరినయంటున్నడు" అన్నాను.

వేసవి సెలవుల్లో వదిన మనవరాలు ఇంట్లో ఉంది, తొమ్మిదో తరగతి. ఒకరోజు వదిన బొప్పాయికి చుట్టి తీసుకెళ్ళిన పేపరును ఆ పిల్ల చదివి వినిపించింది. మర్నాడు బండి దగ్గర నాకు విచారణ మొదలైంది.

"వదినా, మొన్న పేపర్లో ఆయన మొదలుపెట్టిన కొత్త రైలు సంగతి ఉందంట."

"ఉంటే ఉండొచ్చు."

"నాకు చదవలేదే?"

"అక్షరాలు చిన్నగున్నయ్."

"మా మనవరాలు అరచెయ్యంత ఉన్నాయంది."

నేను సంచీలు సర్దడంలో పడ్డాను. వదిన కత్తి కింద పెట్టింది.

"ఇరవై ఏళ్ళు కాయలేరిన చేతులు నీవి. పెట్టెలో మంచికాయ పైన పెట్టి మచ్చకాయ అడుగున తోసేవాళ్ళను ఎంతమందిని చూడలేదు మనం. మచ్చకాయలన్నీ పైన పేర్చి మంచికాయలు దాచినదాన్ని మాత్రం నిన్నే చూశా."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. మర్నాడు నేను పేపరు విప్పగానే, "వద్దులే వదినా, నీ కళ్ళు నొప్పెడతాయి" అని ఫోనులో వార్తలు పెట్టుకుంది. గట్టిగా, మెట్రో రైలు పోతున్నా వినపడేంత గట్టిగా.

పని ఆగలేదు. ఆమె కోసింది, నేను అమ్మాను. మధ్యలో ఫోను మాట్లాడింది. మా ఆయన ఇంట్లో టీవీ ముందునుంచి కదలడు, పిల్లలకు వాళ్ళ ఫోన్లున్నాయి. నన్ను చదివి వినిపించమని అడిగే మనిషి ఈ భూమ్మీద వదిన ఒక్కతే. నా నోటినుంచి వచ్చిన వార్తను ఆమె ఇంక నమ్మకపోతే, ఇన్ని తిప్పలు పడి నేర్చుకున్న చదువుకు మళ్ళీ పొట్లాలు కట్టడమే మిగులుతుంది. ఆమెను మళ్ళీ వినడానికి ఎట్లా కూర్చోబెట్టాలో నాకు తోచలేదు.

ఐదో రోజు ఉండబట్టలేక అడిగాను. "ఆయనకెందుకేస్తవ్ వదినె? కొట్లాటకు కాదు, తెలుసుకుందామని అడుగుతున్న."

ఆమె ఫోను ఆపింది. "ముందు నువ్వు చెప్పు. ఆయన్ని దింపి ఎవర్ని కూర్చోబెడతావ్?"

నేను ముగ్గురి పేర్లు చెప్పాను.

"ఆ ముగ్గురికీ ఒకరి ముఖం ఒకరికి పడదు. నువ్వు చదివిన పేపర్లోనే ఉంది."

ముగ్గురూ ఆయన్ని తిట్టారని నేను రెండుసార్లు చదివిన వార్తలోనే అదీ ఉంది.

"ఇంకోటి విను. మా ఆయన బతికున్నన్నాళ్ళు ఇంట్లో సుఖపెట్టింది లేదు. నీకు తెలుసు. కానీ వీధిలో ఎవడన్నా నన్ను ఒక మాటంటే వాడి గుమ్మం ముందు నిలబడి అరిచేవాడు. బయటి దేశాల ముందు ఈయన నిలబడుతుంటే నాకు అట్టా అనిపిస్తుంది. ఇంకా, టీవీలో కోట్లేసుకున్నవాళ్ళు కూర్చుని, ఈయనకు ఓటేసేవాళ్ళకు బుర్రలేదంటారు. నన్నెవడూ అడగలేదు, నా బుర్ర సంగతి వాళ్ళే చెప్తారు. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కాలనిపిస్తుంది."

"మరి మార్కెట్ల మనకు నీళ్ళిచ్చినామె?"

"అది నాకూ గుచ్చుకుంటుంది" అంది వదిన. అని మళ్ళీ పుచ్చకాయ అందుకుంది.

ప్రతి మాటకూ నా దగ్గర జవాబుంది. అంతకుముందైతే చెప్పేదాన్ని. ఆ రోజు మింగాను.

రెండు రోజుల తర్వాత వదిన తానే పేపరు కొనుక్కుని వచ్చింది. బతుకులో మొదటిసారి కొన్నదట. విప్పితే అక్కడక్కడా పెన్సిలు టిక్కులున్నాయి.

"మా మనవరాలితో పెట్టించా. ఆరున్నాయి. నాకు అక్షరాలు రావు గానీ టిక్కులు వచ్చు. చదువు."

"నాకు పరీక్ష పెడ్తున్నవా వదినె?"

"పాసైతే రేపట్నించి ఫోను కట్టేస్తా."

మొదటి టిక్కు పెద్ద రోడ్డు గురించి. ఆయన శంకుస్థాపన చేసింది. టీవీలో వార్తలు చెప్పే అమ్మాయి మాదిరి గొంతు పెంచి చదివాను. రెండోది, మూడోది, నాలుగోది కూడా ఆయన గొప్పలే, అన్నీ చదివాను. టీ కొట్టతను, "ఏందమ్మా, ఇయ్యాల పార్టీ మారినవా?" అన్నాడు. 

ఐదో టిక్కు దగ్గర ఆగాను. అది ఆయన ప్రసంగాన్ని దుయ్యబట్టిన వ్యాసం. అంత పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి అనదగిన మాటలేనా అని రాశారు. వారం కిందైతే ఎగిరి గంతేసి చదివేదాన్ని. వదిన మనసు ఇప్పుడిప్పుడే కుదుట పడుతోంది, ఎందుకొచ్చిన గొడవ అనుకుని ఆరో టిక్కు అందుకున్నాను.

"ఆగు. పైన ఒకటి వదిలేశావ్."

"పిల్ల తప్పు పెట్టినట్టుంది. నీకు నచ్చదది."

"తప్పేం కాదు. రెండు రకాలూ పెట్టమని నేనే చెప్పా. నచ్చేదీ నచ్చనిదీ నేను చూసుకుంటా, నువ్వు చదువు."

చదివాను. ఒత్తకుండా, దాటకుండా. సగంలో కత్తి ఆగింది. చివరిదాకా కదల్లేదు.

"రాసినాయన సరిగ్గానే రాశాడు" అంది వదిన.

"మరి?"

"మరేముంది. తెలిసే వేస్తున్నా. తెలీక వేస్తున్నానని కదా నువ్వు దాచింది."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. చదువు రాదు కాబట్టి ఆయనకు వేస్తోంది, చదివి చెబితే మానేస్తుంది అని నేను నిజంగానే అనుకున్నాను. అక్షరాలు రాకముందు నా గురించి అందరూ అట్లాగే అనుకునేవాళ్ళు. అప్పుడు కూడా నేను గుర్తు చూసుకునే వేశాను, ఎవరికి వేస్తున్నానో ఎందుకు వేస్తున్నానో నాకు తెలుసు. 

ఆరోదీ చదివేసి, "పాసా, ఫెయిలా?" అని అడిగాను.

"ఆరుకు అయిదు. పాసే గానీ ఫస్టు క్లాసు కాదు" అని ఫోను సంచీలో పడేసింది.

ఓటు రోజున నేను మీర్‌పేటలో, ఆమె ఎల్బీనగర్‌లో వేసి మధ్యాహ్నానికి బండి తీశాం. ఎవరికి వేశావని ఒకరినొకరం అడగలేదు. ఆ ఎండకు పుచ్చకాయలన్నీ గంటలో అయిపోయాయి.

ఫలితాల మర్నాడు పేపరు నిండా ఆయన ఫొటోలే. నాకు నోరు చేదుగానే ఉంది. అయినా మొదటి పేజీ పై అంచు నుంచి కింది అంచు దాకా ఒక్క ముక్క విడవకుండా చదివాను. వదిన మళ్ళీ చదవమంది. రెండోసారి ఆమె పెదాలు నా కన్నా ముందు కదులుతున్నాయి.

అయ్యాక బొప్పాయి ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. "ఇవాళ్టికి పండగ అయిపోయింది. రేపట్నించి ఆయన్ని తిట్టేవాళ్ళు ఏం రాస్తున్నారో చదువు. మళ్ళీ అయిదేళ్ళు ఆయన్ని ఓ కంట కనిపెట్టి ఉండాల్సింది మనమేగా."