మైదుకూరుకు దూడను మోసిన రోజు

నా చిన్నప్పుడు మా పల్లెలో పశువుకు నలత చేస్తే అందరూ ముందు మా జేజి దగ్గరికే వచ్చేవారు. మా నాయన తల్లి ఆమె. ఎండిన దానిమ్మ తొక్కలు కుండలో దాచి, దూడ విరేచనాలతో పారుకుంటే కషాయం కాచి తాపేది. చాలాసార్లు దాంతోనే తగ్గేది.

ఒక ఎండాకాలం మా పెయ్యదూడకే పారుడు పట్టింది. అంతకు ముందు ఈతలో దూడ చచ్చిపోయి ఆవు పాలు చేపడం మానేసింది. పాలచుక్క లేని ఆ రోజులు ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. జేజి పొద్దున్నే కషాయం తాపింది. ఎండెక్కేసరికి దూడ కళ్ళు లోతుకు పోయాయి. జేజి దాని మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే ముడత అలాగే ఉండిపోయింది.

"పాపా, గోనెపట్ట తీసుకరా. మైదుకూరు పశువుల ఆసుపత్రికి పోదాం," అంది.

పక్కింటి పెద్దాయన అడ్డం వచ్చాడు. "నువ్వే ఆసుపత్రికి పోతే రేపు నీ మందు ఎవరు నమ్ముతారమ్మా? నీళ్ళు ఆపు, పారుడు అదే కట్టుకుంటాది."

"నీళ్ళు లేకనే అది వాడిపోయిండాదప్పా," అని జేజి దూడను భుజాన వేసుకుంది.

బస్సులో ఎక్కనివ్వలేదు. నడిచాం. నీడ కనిపించిన చోటల్లా ఆగి, నేను చెంబులో ఉప్పు కలిపిన గంజి కొంచెం కొంచెంగా తాపాను. జనం నవ్వుతారేమో అన్నాను.

"నా పేరు నిలబడితే ఏం లాభం పాపా, దూడ నిలబడల్ల గానీ," అంది.

ఏం తాపారని డాక్టరు అడిగాడు. తిడతాడేమోనని నాకు భయం. జేజి మాత్రం ఏదీ దాచలేదు.

"చెప్పి మంచిపని చేసినావమ్మా. కషాయం ఆపొద్దు. కానీ ఒంట్లో నీళ్ళు శానా పోయిండాయి, నరానికి ఎక్కించల్ల," అని మెడ నరానికి సెలైను పెట్టాడు. మాత్రలిచ్చి, వాటికీ కషాయానికీ నడుమ ఎడం ఉంచమన్నాడు. సీసా ఎత్తి పట్టుకుని నా చేతులు లాగేశాయి, అయినా దించలేదు. అది ఖాళీ అయ్యేసరికి దూడ తల ఎత్తింది.

ఇంటికొచ్చాక జేజి రెండు మందులూ వేళ తప్పకుండా ఇచ్చింది. కొన్నాళ్ళకు దూడ వణికే కాళ్ళతో లేచి పొదుగును కుమ్మింది. ఆవు చేపింది. జేజి దగ్గరికి జనం రావడం మానలేదు. తోలు ముడత పోని దూడ వస్తే, వాళ్ళ వెంట తానే ఆసుపత్రికి నడిచేది.

ఇప్పుడు నేనే జేజినయ్యాను. ఏ కష్టం వచ్చినా నాకు చేతనైనది ముందు చేస్తాను. అది చాలదని తెలిసిన క్షణాన లేచి ఆ పని తెలిసినవాళ్ళ గడప ఎక్కుతాను, అంతవరకు నేను చేసిందంతా చెబుతాను. అలా చెప్పడానికి నాకు ఏనాడూ చిన్నతనం అనిపించలేదు.