హెరోఫిలస్‌ను వెంటబెట్టుకుని లండన్ వెళ్లొచ్చాను

రెండు వేల మూడులో, మార్చి నెలలో, కార్డిఫ్ నుంచి లండన్ వెళ్లాను. ఊరు చూడ్డానికి కాదు, సర్జన్ కావడానికి. సర్జరీ వైవా, అంటే నోటిపరీక్ష, అప్పటికే మూడుసార్లు తప్పాను. ఇది ఆఖరి అవకాశం. ఇదీ పోతే కత్తి వదిలేసి జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు ట్రైనింగులో చేరాల్సిందే. జీపీ అయితే రాత్రి డ్యూటీల రోటా గొడవ ఉండదు, వేళకి ఇంటికి పోవచ్చు అని మా హాస్పిటల్లో అందరూ నన్ను ముందుగానే ఓదార్చేశారు.

పరీక్షకు వెళ్లే తెలుగు డాక్టర్లకు లండన్ శివారు హారోలో ఒక మజిలీ ఉంది. ఆ ఇంటాయన తెనాలి వైపు మనిషి, మత్తు డాక్టరు. మేమంతా అంకుల్ అంటాం. వైవా గదిలోంచి బయటపడ్డవాళ్లు ముందు ఆయనకు ఫోన్ చేసి ఏం అడిగారో చెప్పాలి, కన్నవాళ్లకు తర్వాత. ఆ ప్రశ్నల్ని ఆయన తర్వాతి బ్యాచ్‌కు ప్రసాదంలా పంచుతారు. నాకు వారం ముందే అందింది.

"అమ్మా, హెరోఫిలస్ పట్టుకో. పోయిన బ్యాచ్‌లో ఇద్దర్ని అడిగారంట. ఇంకేం చదవమాక."

పట్టుకున్నాను. ఈయన రెండువేల మూడొందల ఏళ్ల కిందట అలెగ్జాండ్రియాలో ఉన్న గ్రీకు వైద్యుడు. జంతువుల్ని కోసి మనిషి గురించి రాసుకునే రోజుల్లో మనిషి శవాన్నే కోసి చూశాడు. ఆలోచనకు చోటు గుండె కాదు, మెదడన్నాడు. నరాలు వేరు, రక్తనాళాలు వేరని తేల్చాడు. చిన్నపేగు మొదటి భాగాన్ని పన్నెండు వేళ్ల పొడవని కొలిచి ఆ పేరే పెట్టాడు. బతికున్న ఖైదీలను కూడా కోశాడని కొందరు రాశారు. ఆయన పుస్తకాలు ఒక్కటీ మిగల్లేదు. మిగిలుంటే అంకుల్ వాటినీ బట్టీ పట్టించేవారు.

మధ్యాహ్నం రెండింటి రైలెక్కాను. న్యూపోర్ట్‌లో ఎక్కిన ఒక పెద్దావిడ నా గొణుగుడు విని, "ప్రార్థనా, లవ్?" అని ఆప్యాయంగా అడిగింది.

"కాదండి, శవాల్ని కోసినాయన గురించి" అన్నాను. రీడింగ్ స్టేషన్ రాకముందే ఆవిడ వేరే సీటు చూసుకుంది.

ప్యాడింగ్టన్‌లో దిగి ట్యూబు రైల్లో హారో చేరేసరికి ఆరు దాటింది. ఆంటీ పెసరట్లు వేశారు. అంకుల్ పక్కనే కూర్చుని హెరోఫిలస్‌ను అప్పజెప్పించుకున్నారు. ఖైదీల దగ్గర తడబడితే రెండో అట్టు ఆగింది.

మర్నాడు పదకొండుకి వైవా. ఎగ్జామినర్ పైచిప్ప తీసిన పుర్రె ఒకటి నా చేతికిచ్చి, మెదడులోంచి తిరిగొచ్చే రక్తనాళాలు వెనకవైపు ఒకచోట కలుస్తాయి కదా, దాని పేరేమిటి, ఇందులో చూపించండి అన్నాడు. నా పంట పండింది. ఆ చోటికి హెరోఫిలస్ గానుగ అని పేరు చెప్పాను, ద్రాక్షరసం తీసే గానుగ. అంతటితో ఆగితే అంకుల్ పరువేం కాను? అలెగ్జాండ్రియా నుంచి మొదలుపెట్టాను. పన్నెండు వేళ్ల దగ్గర ఎగ్జామినర్, "చాలా బాగుంది, ఇక ఆ చోటు..." అన్నాడు. "వస్తున్నాను సర్" అని ఖైదీల్లోకి వెళ్లాను. గంట మోగింది.

పుర్రెను బల్ల మీద పెట్టబోతుంటే నా బొటనవేలు లోపలికి వెళ్లి, వెనకవైపు ఉన్న ఎముక బుడిపె మీద తనంతట తానే ఆగింది. ఎందుకు ఆగదు? అంతకు వారం ముందే ఆపరేషన్ థియేటర్లో ఒకతని తల తెరిచినప్పుడు ఆ చోటును కళ్లారా చూశాను. ఎగ్జామినర్ నా వేలు చూసి, "అదే. ఇందాక చూపించాల్సింది" అన్నాడు. గంట మోగాక మార్కులు వేయరు.

సాయంత్రం హాల్లో పాసైన నంబర్లు చదివారు. నాది లేదు. ప్యాడింగ్టన్ స్టేషన్ బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

ఆరుంపావు రైల్లో శాండ్విచ్ తింటూ తేల్చుకున్నదిది. చెప్పుడు మాటలు నమ్మకుండా కోసి చూసినాయన కథను నేను చెప్పుడు మాటగా అప్పజెప్పి, నా చేతిలో కత్తి పోగొట్టుకున్నాను. వెళ్లేవాళ్లకు పెసరట్లు మాత్రం సిఫార్సు చేస్తాను.

స్విండన్ దాటాక అంకుల్ ఫోన్ చేశారు.

"ఏమ్మా, ఫోన్ చెయ్యలేదే? హెరోఫిలస్ అడిగారా లేదా?"

"అడిగారు అంకుల్, కానీ..."

"నే చెప్పలా? ఉండు, షెఫీల్డ్‌లో ముగ్గురికి వచ్చే నెల్లో ఉంది, వాళ్లకు చెప్పాలి" అని పెట్టేశారు.

నేను పాసయ్యానా అని అడగనేలేదు.